పిల్లల చర్మం మీద గడ్డ తీశారు సరే, ఆ ముక్క ఎక్కడికి వెళ్లింది?

పిల్లల చర్మానికి క్యాన్సర్ రావడం చాలా అరుదు. దాన్ని గుర్తించడం ఆలస్యమయ్యేదీ అందుకే. బుగ్గ మీద ఎర్రటి బుడిపె లేస్తే పులిపిరి అంటాం. భుజం మీద గట్టి మచ్చ కనిపిస్తే ఎప్పుడో దెబ్బ తగిలి ఉంటుందిలే అనుకుంటాం. ముఖమంతా నువ్వుగింజల్లాంటి మచ్చలు పడితే ఎండల్లో ఆడుతున్నాడు మరి అని సర్దుకుంటాం. దాదాపు ప్రతిసారీ మనం అనుకున్నదే నిజమవుతుంది కూడా. అలా నిజం కాని కొద్దిమంది పిల్లల గురించే ఈ కథనం.

తెలుగు రాష్ట్రాల్లో పేద కుటుంబాల క్యాన్సర్ ఆపరేషన్లకు ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ కూడా తన ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.25 లక్షలు చేసింది. ఆ పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. అయితే క్యాన్సర్ చికిత్సకు పథకం డబ్బు కదలాలంటే ముందుగా ఒక కాగితం కావాలి. అది బయాప్సీ రిపోర్టు. పిల్లల చర్మ క్యాన్సర్లలో దారి తప్పేది చాలావరకు ఆపరేషన్ బల్ల మీద కాదు, ఆ కాగితం చేతికి రాకముందే.

పెద్దల గుర్తులు పిల్లలకు ఎందుకు సరిపోవు?

చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైనది మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుడుతుంది. దాన్ని గుర్తించడానికి డాక్టర్లు ‘ఏ-బీ-సీ-డీ-ఈ’ అనే సూత్రం చెబుతారు. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండడం, రకరకాల రంగులు, 6 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు, రోజురోజుకూ మారడం. ఆస్పత్రి గోడల మీద పోస్టర్లలో ఉండేదీ ఇదే.

చిక్కేమిటంటే ఈ సూత్రం పెద్దవాళ్లను చూసి తయారుచేసింది. అమెరికాలోని కాలిఫోర్నియా డాక్టర్లు పిల్లల్లో, టీనేజీలో వచ్చిన మెలనోమా కేసులను వెనక్కి వెళ్లి పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. పదేళ్ల వయసు వరకు ఉన్న పిల్లల్లో 60 శాతం మందికి ఈ గుర్తులు సరిపోలేదు. పిల్లల్లో అది నల్లమచ్చలా కాకుండా గులాబీ రంగులోనో, ఎర్రగానో, చర్మం రంగులోనే ఉబ్బెత్తుగానో కనిపించవచ్చు. అంచులు చక్కగా గుండ్రంగా ఉండొచ్చు. రంగు అంతటా ఒకటే ఉండొచ్చు. సైజు చిన్నదే కావచ్చు. అంతకుముందు ఏమీ లేని చోట కొత్తగా లేస్తుంది, తగిలితే రక్తం కారుతుంది. అదే పరిశోధకులు పిల్లల కోసం ఈ గుర్తులనే అదనపు సూత్రంగా సూచించారు.

రక్తం కారే ఎర్రటి బుడిపెలు పిల్లలకు మామూలుగానే వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం రక్తనాళాలు గుంపుగా పెరగడం వల్ల వచ్చేవి, హాని లేనివి. కాబట్టి ఇది చదివి ప్రతి పుట్టుమచ్చకూ కంగారు పడాల్సిన పనిలేదు. కొన్ని వారాల్లోనే స్పష్టంగా పెరుగుతున్న గడ్డ, మళ్లీ మళ్లీ రక్తం కారేది, ఒకసారి తీయించాక అదే చోట తిరిగి వచ్చింది, నెల దాటినా మానని పుండు: వీటిలో ఏదున్నా చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించాలి. పుట్టుకతోనే అరచేతిని మించిన పెద్ద నల్లమచ్చ ఉన్న పిల్లలను మాత్రం ఏ మార్పూ లేకపోయినా క్రమం తప్పకుండా చూపిస్తూ ఉండాలి. ఇలాంటి మచ్చల్లో మెలనోమా చర్మం లోతుల్లోనూ మొదలవుతుంది. పైకి కనబడదు, చేతికి గట్టిగా తగులుతుంది.

ముక్క పారేస్తే ఏం పోతుంది?

పులిపిర్లకు మన ఊళ్లలో వైద్యాలకు కొదవలేదు. సున్నం, సోడా కలిపి పెడతారు. వెంట్రుకతో బిగించి కడతారు. పట్టణాల్లో అయితే చిన్న క్లినిక్‌లో కరెంటుతో కాల్చేస్తారు, పది నిమిషాల పని. అది నిజంగా పులిపిరే అయితే పేచీ లేదు. కాకపోతే, కాల్చడంతో సాక్ష్యమే పోతుంది. ఆరు నెలలకు అదే చోట మళ్లీ గడ్డ లేచినప్పుడు, మొదట ఏముండేదో చెప్పగలిగేవాళ్లు ఉండరు.

అనుమానం ఉన్న గడ్డను పైపైన గీకి తీయకూడదు. కాల్చకూడదు. చిన్నదైతే చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల మంచి చర్మంతో పాటు మొత్తంగా తీయాలి, పెద్దదైతే లోపలి దాకా ఒక ముక్క తీయాలి. ఎందుకంటే మెలనోమాలో చికిత్సను నిర్ణయించేది లోతు. మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా లెక్కలోకి వస్తుంది. పైపైన గీకితే ఆ కొలతే దొరకదు. తీసిన ముక్కను 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో వేయాలి. మంచినీళ్లలోనో సెలైన్‌లోనో వేసి మర్నాడు పంపితే కణాలు చెడిపోతాయి. సీసా మీద పేరు, వయసు, ఏ చోట నుంచి తీశారో రాయాలి. పిల్లల శరీరం మీద ఏ గడ్డ తీసినా ‘ముక్కను పాథాలజీకి పంపుతున్నారా?’ అని అడగడం తల్లిదండ్రుల హక్కు. డాక్టర్ తప్పు పట్టుకోవాల్సిన ప్రశ్నేమీ కాదు.

‘కత్తి పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది’ అన్న భయం ఇప్పటికీ బలంగా ఉంది. చర్మం మీద బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకదు. పాకేది నెలల తరబడి వదిలేసినప్పుడు.

ముక్క ల్యాబ్‌కు చేరినంత మాత్రాన సమస్య తీరిపోదు. పిల్లల చర్మ కణితులను మైక్రోస్కోప్ కింద చదవడం పాథాలజీలోని కష్టమైన పనుల్లో ఒకటి. 1948లో న్యూయార్క్ పాథాలజిస్ట్ సోఫీ స్పిట్జ్ ‘బాల్యంలో వచ్చే మెలనోమాలు’ అంటూ ఒక పరిశోధన పత్రం రాశారు. చూడడానికి అచ్చం మెలనోమాలాగే ఉన్నా, ఆ పిల్లల్లో దాదాపు అందరూ బాగానే ఉన్నారు. తర్వాత తేలిందేమిటంటే వాటిలో అత్యధికం క్యాన్సర్ కానే కావు. అలాంటి మచ్చను ఇప్పుడు స్పిట్జ్ నీవస్ అంటారు. ఈ రెంటికీ మధ్యలో, ఇటూ అటూ తేల్చలేని రకం కూడా ఉంది. అంటే పొరపాటు రెండు వైపులా జరగొచ్చు. క్యాన్సర్‌ను మామూలు మచ్చ అనడం ఒకటి, మామూలు మచ్చకు క్యాన్సర్ ఆపరేషన్ చేయడం ఇంకొకటి. రెండో దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

అందుకే పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు రెండో పాథాలజిస్ట్ అభిప్రాయం తీసుకోవడం మంచిది. దానికి కొత్తగా బయాప్సీ అక్కర్లేదు. మొదటి ల్యాబ్‌లో మైనంలో భద్రపరిచిన బ్లాక్, గాజు స్లైడ్లు ఉంటాయి. రాతపూర్వకంగా అడిగి తీసుకుని క్యాన్సర్ ఆస్పత్రిలో చూపించవచ్చు. రిపోర్టు కాగితాన్ని ఒక్కటే పట్టుకుని వెళ్లేవాళ్లు మళ్లీ వెనక్కి తిరగాల్సి వస్తుంది.

ఆపరేషన్‌లో తేడా ఎక్కడ?

పెద్దవాళ్లకు అక్కడికక్కడే మత్తు సూది వేసి చర్మం ముక్క తీస్తారు. నాలుగేళ్ల పిల్ల కదలకుండా ఉండదు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలి. అంటే పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టర్, థియేటర్, రక్త పరీక్షలు, అడ్మిషన్. ‘కొన్నాళ్లు చూద్దాం’ అన్న మాట తరచూ ఈ హడావుడి తప్పించుకోవడానికే వస్తుందని నా అనుమానం.

మెలనోమా అని తేలితే రెండోసారి ఇంకాస్త వెడల్పుగా కోస్తారు. లోతు 1 మిల్లీమీటరు లోపు ఉంటే చుట్టూ 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు. ఈ లెక్కలు కూడా పెద్దల అధ్యయనాల నుంచి తెచ్చుకున్నవే. పసివాడి ముక్కు పక్కన 2 సెంటీమీటర్లంటే సగం ముఖం. అందుకే సర్జన్ ఒక్కరే కాకుండా ప్లాస్టిక్ సర్జన్, పిల్లల క్యాన్సర్ డాక్టర్, పాథాలజిస్ట్ కలిసి కూర్చుని నిర్ణయించాలి. దగ్గర్లోని లింఫ్ గ్రంథిని పరీక్షించడంలోనూ జాగ్రత్త అవసరం. ఇటూ అటూ కాని స్పిట్జ్ కణితుల్లో గ్రంథిలో కణాలు కనిపించినా చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే ఉంటారు. ఆ ఒక్క పరీక్షను చూసి గ్రంథులన్నీ తీసేస్తే చేతికో కాలికో జీవితాంతం వాపు మిగలొచ్చు.

ఇంకో రకం డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరాన్స్. పలకడానికే కష్టమైన పేరు, డాక్టర్లు డీఎఫ్ఎస్‌పీ అంటారు. పిల్లల్లో ఇది గట్టిపడిన గాయం మచ్చలాగో, కెలాయిడ్‌లాగో, పసిపిల్లల్లో అయితే పుట్టుకతో వచ్చిన రక్తనాళాల మచ్చలాగో ఉంటుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. ఇతర అవయవాలకు పాకడం అరుదే. తీసిన చోటే మళ్లీ రావడం దీని స్వభావం. గరికలాగా పైన కనబడేది కొంచెం, కింద వేళ్లు చాలా దూరం పోతాయి. 2 నుంచి 4 సెంటీమీటర్ల మంచి చర్మంతో తీయాలి, లేదా పొర తర్వాత పొర తీస్తూ ప్రతి అంచునూ మైక్రోస్కోప్‌లో చూసే మోస్ సర్జరీ చేయాలి. ఆ వసతి ఉన్న చోట్లు తక్కువ. అది లేనిచోట పాటించదగ్గ పద్ధతి ఒకటుంది. గడ్డ తీసి గాయాన్ని తాత్కాలికంగా కప్పి ఉంచుతారు. అంచుల్లో కణాలు మిగల్లేదని రిపోర్టు వచ్చాకే చర్మం అతికిస్తారు. తొందరపడి ముందే అతికిస్తే, కణాలు మిగిలాయని తెలిసేసరికి వాటిని వెతకడం కష్టమవుతుంది. పథకాల ప్యాకేజీలు ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని లెక్కగట్టినవి. కాబట్టి రెండు దశల్లో చేస్తారా, రెండో దశకు అనుమతి ఎలా అన్నది అడ్మిషన్ రోజే ఆస్పత్రిలోని పథకం హెల్ప్ డెస్క్‌లో అడిగి తెలుసుకోవాలి.

ఎండే శత్రువైన పిల్లలు

మన ప్రాంతానికి ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన కారణమున్నది జీరోడెర్మా పిగ్మెంటోజమ్, పొట్టిగా ఎక్స్‌పీ. 1870లలో వియన్నా డాక్టర్ మోరిట్జ్ కపోసి దీని గురించి రాశారు. కారణం ఏమిటో 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మన అందరి చర్మంలోనూ డీఎన్ఏను రోజూ దెబ్బతీస్తాయి, శరీరం రోజూ మరమ్మతు చేసుకుంటుంది. ఎక్స్‌పీ ఉన్న పిల్లల్లో ఆ మరమ్మతు జరగదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ దాదాపు నలభై ఏళ్లు గమనించిన 106 మంది లెక్క ప్రకారం, 20 ఏళ్ల లోపు ఎక్స్‌పీ బాధితులకు మెలనోమా కాని చర్మ క్యాన్సర్ వచ్చే ముప్పు మామూలు వారికంటే 10,000 రెట్లు ఎక్కువ. మొదటి క్యాన్సర్ వచ్చిన సగటు వయసు 9 ఏళ్లు. మామూలుగా అరవై ఏళ్లకు వచ్చే జబ్బు నాలుగో తరగతి పిల్లలకు వస్తోందన్నమాట.

అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ లోపమున్న జన్యువులు అందితేనే ఈ జబ్బు వస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ ఏ లక్షణమూ ఉండదు. పుట్టే ప్రతి బిడ్డకూ 25 శాతం అవకాశం. బంధువుల్లో పెళ్లి జరిగితే ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు పావు వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. మేనరికాన్ని తిట్టిపోయడానికి ఈ మాట చెప్పడం లేదు. మేనరికం చేసుకున్నవారిలో అత్యధికుల పిల్లలు ఆరోగ్యంగా ఉంటారు, బయటి సంబంధం చేసుకున్నవారికీ ఈ జబ్బు రావచ్చు. కానీ ఇంత పెద్ద సంఖ్యలో ఉన్నప్పుడు ప్రభుత్వ వైద్య బృందాలకు ఈ జబ్బు గుర్తులు తెలిసి ఉండడం అవసరం.

గుర్తులు తేలికే. రెండేళ్లు నిండకముందే ముఖం, మెడ, చేతుల మీద నువ్వుగింజల్లాంటి మచ్చలు. బట్టలు కప్పి ఉంచే చోట చర్మం శుభ్రంగా ఉంటుంది. వెలుతురు చూడలేక కళ్లు చిట్లించడం. కొంతమందికి కాసేపు ఎండలో ఉంటే చాలు, బొబ్బలు లేచి రోజుల తరబడి తగ్గవు. మిగతావారు కమలరు, మచ్చలు మాత్రం వస్తాయి. కమలని పిల్లలకే క్యాన్సర్ ఇంకా ముందుగా వస్తుందని అదే అమెరికా అధ్యయనంలో తేలింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. బొబ్బలు లేచిన పిల్లను తల్లి ఎండకు పంపదు, లేవని పిల్ల రోజంతా వీధిలోనే ఆడుతుంది.

ఈ పిల్లలకు ఆపరేషన్ ఒకసారితో అయిపోయేది కాదు. ముక్కు మీద ఒకటి తీసిన కొన్ని నెలలకు కనురెప్ప మీద ఇంకొకటి, పెదవి మీద మరొకటి. కాబట్టి ఇక్కడ సర్జన్ లెక్క వేరు. మొత్తం తీసేయాలి, కానీ మంచి చర్మం రవ్వంత కూడా వృథా కాకూడదు, వచ్చే ఏడాది మళ్లీ కావాలి. అతికించాల్సి వస్తే ఎండ ఎరగని తొడ నుంచో పిరుదు నుంచో చర్మం తీసుకుంటారు. క్యాన్సర్‌గా మారకముందే గరుకు మచ్చలను చల్లటి వాయువుతో కాల్చడం, 5-ఫ్లోరోయురాసిల్, ఇమిక్విమోడ్ క్రీములు రాయడం వల్ల కొన్ని కోతలు తప్పుతాయి. కంటి డాక్టర్ పరీక్ష తప్పనిసరి, కంటి ఉపరితలం మీద కూడా కణితులు వస్తాయి. దాదాపు నాలుగో వంతు మందిలో వినికిడి, నడక, తెలివితేటలు క్రమంగా తగ్గుతాయి కాబట్టి నరాల డాక్టర్‌కూ చూపించాలి. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు డాక్టర్‌కు జబ్బు పేరు ముందే చెప్పాలి.

చేతికి జబ్బు పేరు వచ్చాక అసలు చికిత్స ఇంట్లో జరుగుతుంది. నిండుగా కప్పే బట్టలు, అంచు వెడల్పున్న టోపీ, పక్కలు కూడా మూసే కళ్లద్దాలు, గంటల లెక్కన సన్‌స్క్రీన్. కిటికీ అద్దం చాలదు, కొన్ని అతినీలలోహిత కిరణాలు గాజును దాటి వస్తాయి. తరగతి గదిలో పిల్లను కిటికీకి దూరంగా కూర్చోబెట్టాలి. ఎండ తగలదు కాబట్టి విటమిన్-డి డాక్టర్ సలహాతో ఇవ్వాలి. అసలు ఖర్చు ఇక్కడే పడుతుంది. మన చట్టం లెక్కలో సన్‌స్క్రీన్ కాస్మెటిక్, మందు కాదు. ఆపరేషన్లను లెక్కగట్టే పథకంలో దానికి చోటు లేదు. ముక్కు మీద క్యాన్సర్ కోయడానికి లక్ష ఇచ్చేందుకు సిద్ధపడే వ్యవస్థ, అది రాకుండా ఆపే ట్యూబుకు నెలకు వెయ్యి ఇవ్వదు. సంఖ్యలు నేను ఉదాహరణకు వేసినవే, లెక్కలోని తిరకాసు మాత్రం నిజమే.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటి మెట్టు ప్రభుత్వ బోధనాస్పత్రిలోని చర్మవ్యాధుల విభాగం. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు సర్వజనాస్పత్రుల వంటివి. బయాప్సీ అక్కడే చేయించవచ్చు. క్యాన్సర్ అని తేలాక హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఎక్స్‌పీ అనుమానముంటే జన్యు పరీక్షకు, సలహాకు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. నిమ్స్‌తో కలిసి హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అరుదైన వ్యాధులకు కేంద్రం గుర్తించిన ప్రత్యేక కేంద్రం కూడా. కుటుంబంలోని లోపం ఏ జన్యువులో ఉందో ముందే తెలిస్తే, తర్వాతి గర్భంలో 11 వారాలు దాటాక పరీక్ష చేయించుకునే వీలుంటుంది. రెండో కాన్పు వచ్చాక కాదు, అనుకుంటున్నప్పుడే వెళ్లాలి.

ఆయుష్మాన్ భారత్ పథకంలో అడ్మిషన్‌కు ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల పరీక్షలు, మందులు కలుస్తాయి. పిల్లల చర్మ కణితి బయాప్సీ, ప్రత్యేక స్టెయిన్లు, రెండో అభిప్రాయం అన్నీ కలిపితే వారాలు పడుతుంది. ఆ 3 రోజుల కిటికీలో ఇమడదు. అందుకే బయట ల్యాబ్‌లో సొంత డబ్బుతో మొదలుపెట్టేకన్నా, పథకంలో ఉన్న ఆస్పత్రి ఓపీలోనే కార్డు చూపించి పరీక్షలు మొదలుపెట్టడం నయం. కేంద్ర పథకం హెల్ప్‌లైన్ 14555.

ఇక ప్రభుత్వం చేతిలో ఉన్న తేలికైన పని ఒకటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించాలి. వాళ్లు చూడాల్సిన జాబితాలో చర్మవ్యాధులు ఇప్పటికే ఉన్నాయి, కాకపోతే గజ్జి, తామర, ఎగ్జిమా వరకే. ఆ గడిలో ఇంకో రెండు ప్రశ్నలు చేరిస్తే చాలు. రెండేళ్ల లోపు ఎండ పడే చోట మచ్చలు మొదలయ్యాయా? పెరుగుతున్న, రక్తం కారుతున్న గడ్డ ఏమైనా ఉందా? అవునంటే పిల్లను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి, అక్కడి నుంచి చర్మ డాక్టర్‌కు పంపడం. కొత్త భవనం, కొత్త పోస్టులు అక్కర్లేదు. ఫారంలో రెండు గళ్లు, ఏఎన్ఎంలకు ఒక పూట శిక్షణ, నాలుగు ఫొటోలు.

ఇప్పటికే ఆపరేషన్ అయిన పిల్లలుంటే డిశ్చార్జి రోజే తర్వాతి పరీక్ష తేదీ రాయించుకోండి. ఎక్స్‌పీ ఉన్నవారికి మూడు నెలలు దాటనివ్వకూడదు. ఫైలులో పాథాలజీ రిపోర్టు నకలు, బ్లాక్ నంబరు, ఆపరేషన్ నోట్సు ఉన్నాయో లేదో చూసుకోండి. నెలకోసారి ఒకే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి ఉంచితే, వచ్చేసారి ‘ఇది పెరిగిందా?’ అన్న డాక్టర్ ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంటుంది.